‘ఫండమెంటలిస్టు’ అంటే ఎవరు? కూడికలో ఇలా వివరించండి

పాలమూరు, నల్లగొండ క్రైస్తవ సంఘాల్లో పాస్టర్ గారు కాస్త గట్టిగా బోధిస్తే చాలు, ‘ఫండమెంటలిస్టు’ అనేస్తారు. పత్రికలు దాన్ని ఛాందసవాదం అని రాస్తాయి. యౌవనస్థుల కూడికలో (సంఘంలోని యువతీయువకుల సమావేశంలో) ఈ మాట వస్తే ఒక గంట కేటాయించండి.

ముందు పుట్టుక చెప్పండి. పది నిమిషాలు చాలు. 1910లో అమెరికా ప్రెస్బిటేరియన్ల (ఒక ప్రొటెస్టంట్ శాఖ) మహాసభ ఐదు సంగతులు విడవరానివని తీర్మానించింది: లేఖనాల్లో తప్పు లేదు, యేసు కన్యకు పుట్టాడు, మన పాపాలకు బదులుగా చనిపోయాడు, అదే శరీరంతో లేచాడు, ఆయన అద్భుతాలు నిజం. 1910–15 మధ్య ‘ది ఫండమెంటల్స్’ అనే 12 సంపుటాలు అచ్చువేసి ఉచితంగా పంచారు. ఖర్చు పెట్టింది చమురు వ్యాపారి లైమన్ స్టీవర్ట్. 1920లో బాప్టిస్టు సంపాదకుడు కర్టిస్ లీ లాస్ ‘ఫండమెంటలిస్టు’ అనే పేరు పెట్టాడు. గౌరవంగానే పెట్టాడు. తిట్టు అయింది తర్వాత.

ఇక అసలు పని. పది చీటీల మీద మీ సంఘంలో వినిపించే బోధలు ఒక్కొక్కటి రాయండి: బంగారం పెట్టుకోవద్దు, బొట్టు తీసేయాలి, ముంచి ఇచ్చేదే బాప్తిస్మం, యేసు లేచాడు, ఇలా. నేల మీద మూడు గళ్లు గీసి పంచమనండి: ఆ ఐదింటిలోవి, మన సంఘ క్రమం, ఊరి అలవాటు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. నగల గురించి 1 పేతురు 3లో వచనం ఉంది కదా అని ఆ చీటీని మొదటి గడిలో పెడతారు. వచనం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఆ ఐదింటిలో ఉందా అన్నదే ప్రశ్న. ముంపు బాప్తిస్మం ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరెన్) సంఘానికి ప్రాణం, అయినా ఆ ఐదింటిలో లేదు. చంటిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అక్క కూడా ఆ ఐదూ నిండుగా నమ్మవచ్చు. అన్యభాషల్లో ప్రార్థించే పెంతెకొస్తు వాళ్లనూ ఈ పేరుతో పిలుస్తారు. నిజానికి 1928లో అమెరికా ఫండమెంటలిస్టుల సంఘమే పెంతెకొస్తు వారిని కాదంది.

చివరగా ఒక్క ప్రశ్న వేయండి: ఆ ఐదూ నమ్మని సంఘంతో కలిసి ఆరాధించొచ్చా? ఆ సంఘంతో సహవాసం ఉన్నవాళ్లతో? రెండిటికీ వద్దంటే, ఆ పేరు సరిగ్గా అతుకుతుంది. ఐదూ నమ్ముతూనే అంత వేర్పాటు వద్దన్నవాళ్లు అమెరికాలో 1942లో ‘ఇవాంజెలికల్’ అనే పేరుతో వేరే కూటమి కట్టుకున్నారు.

చీటీలు ముందురోజే పాస్టర్ గారికి చూపించండి. కూడికలోనే మొదటిసారి చూస్తే తన మీదే రాశారనుకుంటారు.