చొంగ కారే బిడ్డకు ఇంటి దగ్గర చేయవలసినవి

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) వంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు 4 ఏళ్లు దాటినా చొంగ కారుతుంటే, లాలాజలం ఎక్కువగా ఊరుతోందని అనుకోవడం చాలాసార్లు పొరపాటే. పెదవులు సరిగా మూసుకోకపోవడం, మెడ నిలవకపోవడం, ఊరినదాన్ని తరచుగా మింగలేకపోవడం అసలు కారణాలు.

అందుచేత ముందుగా కూర్చోబెట్టే తీరు సరిచేయాలి. పాదాలు పీట మీద ఆని, నడుము నిటారుగా ఉండేలా కూర్చోబెట్టి, బొమ్మను కంటి ఎత్తులో చూపితే తల ముందుకు వాలదు.

మూతిని రుద్ది తుడవకూడదు. మెత్తని నూలుగుడ్డను కింది పెదవికి అద్ది, తడి పోయాక గడ్డానికి పలుచగా వాజలీన్ రాస్తే చర్మం ఒరుసుకుపోదు. "మింగు నాన్నా" అని ఓపికగా గుర్తుచేయాలి. విసుక్కుంటే బిడ్డ ముడుచుకుపోతుంది, ఆ బాధ చొంగ కన్నా పెద్దది.

ఇవి చాలనప్పుడు డాక్టరు లాలాజలం తగ్గించే గ్లైకోపైరోలేట్ అనే మందు రాయవచ్చు. అది చెమటను కూడా తగ్గిస్తుంది కనుక, తిరుపతి మే నెల ఎండల్లో ఒళ్లు వేడెక్కుతోందా, మలబద్ధకం వచ్చిందా, మూత్రం ఆగిందా అని రోజూ కనిపెట్టి చూడాలి. మూర్ఛకు వాడే క్లోనజెపామ్ కూడా చొంగను పెంచవచ్చు, అయితే దాన్ని సొంతంగా ఆపకూడదు.

తినేటప్పుడు మాటిమాటికీ పొలమారుతున్నా, రొమ్ములో గురగుర వినిపిస్తున్నా ఆలస్యం చేయక తిరుపతిలోని రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో చూపించాలి.