పానాఫెస్ట్‌కు ఘనా వెళ్లే ముందు

(పానాఫెస్ట్ అంటే బానిసలుగా తరలించబడ్డ ఆఫ్రికన్లను తలచుకుంటూ పశ్చిమాఫ్రికాలోని ఘనాలో జరిపే ఉత్సవం.)

- ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు ఘనాలో దిగగానే అడుగుతారు, తిరిగి భారత్‌కు వచ్చినప్పుడూ అడుగుతారు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి.
- ఉత్సవం రెండేళ్లకోసారి, జూలై-ఆగస్టుల్లో. తేదీలు ఖాయమయ్యాకే టికెట్లు.
- కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో బానిసలను కుక్కిన నేలమాళిగలు చీకటిగా ఉంటాయి, గాలి ఆడదు, గచ్చు ఎగుడుదిగుడు. పట్టున్న చెప్పులు వేసుకోండి. ఉబ్బసం ఉన్నవారు గైడుకు ముందే చెప్పాలి.
- బందీలను ఓడలెక్కించడానికి తీసుకెళ్లిన, కోటల్లో సముద్రంవైపున్న ‘తిరిగిరాని ద్వారం’ దగ్గర, బందీలకు చివరి స్నానం చేయించిన అసిన్ మాన్సో ఏటి ఒడ్డున, అమెరికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఆ బందీల వారసులు భోరున ఏడుస్తారు. వాళ్ల మీదికి ఫోను ఎత్తకండి. సెల్ఫీల సంగతి వేరే చెప్పాలా?
- ఎడమచేత్తో డబ్బివ్వడం మనలాగే అక్కడా తప్పే.