ప్రాచీన చైనాలో దేహమూ విశ్వమూ – 3వ పాఠం: కుదిరిన జత, కుదిర్చిన జత

గత పాఠంలో ఐదు 'షింగ్'ల వరస చూశాం: కర్ర నిప్పును పుట్టిస్తుంది, నిప్పు మట్టిని, మట్టి లోహాన్ని, లోహం నీటిని, నీరు మళ్ళీ కర్రను. అది నోటికి రాకపోతే ముందు అది వల్లె వేసుకుని రండి. ఇంకో హెచ్చరిక: వీటిని పంచభూతాలనుకుంటే మొదటి అడుగులోనే దారి తప్పుతారు. ఈ ఐదింట్లో గాలి లేదు, ఆకాశం లేదు. 'షింగ్' అంటే నడక. ఇవి పదార్థాలు కావు, మార్పు నడిచే ఐదు తీరులు.

ఈసారి పని, దేహాన్ని విశ్వంతో పోల్చే భాగం ఒకటి చేతికొస్తే దాన్ని విప్పిచూడటం. క్రీ.పూ. 139లో హువైనాన్ రాజు లియు ఆన్ వూ చక్రవర్తికి సమర్పించిన 'హువైనాన్‌జి' ఏడో అధ్యాయం తీసుకుందాం. అందులో ఉన్నది ఇది: తల ఆకాశంలా గుండ్రం, పాదాలు భూమిలా చదరం. ఆకాశానికి నాలుగు ఋతువులు, ఐదు షింగ్‌లు, తొమ్మిది భాగాలు, 366 రోజులు. మనిషికి నాలుగు కాళ్ళూచేతులు, లోపల ఐదు అవయవాలు, తొమ్మిది రంధ్రాలు, 366 'జియె'లు (దీని అర్థం కాసేపట్లో చూద్దాం). ఆకాశానికి గాలి, వాన, చలి, వేడి. మనిషికి పుచ్చుకోవడం, ఇవ్వడం, సంతోషం, కోపం.

కాగితం మీద నిలువుగీత గీసి ఎడమవైపు ఆకాశం, కుడివైపు మనిషి రాయండి. ఒక్కో జత పక్కన 'అంకె' అనో 'పోలిక' అనో గుర్తు పెట్టండి. ఈ విభజన మన కల్పన కాదు. హాన్ కాలపు పండితుడు దొంగ్ జొంగ్‌షు పేరుతో వచ్చిన 'చున్‌చియు ఫాన్‌లు' గ్రంథంలోనే ఉంది: లెక్కకు అందేవి అంకెతో సరిపోతాయి, అందనివి జాతితో సరిపోతాయి. గుండ్రటి తల పోలిక. తొమ్మిది రంధ్రాలు అంకె. గాలివానల జత రెండూ కలిసినది. నాలుగుకు నాలుగు సరే, కానీ కోపం ఏ వాతావరణమో అంకె చెప్పదు.

తర్వాత అంకెలను మీరే లెక్కపెట్టండి, గ్రంథం మాట నమ్మకండి. కళ్ళు 2, చెవులు 2, ముక్కురంధ్రాలు 2, నోరు 1, కింద 2. మన నవద్వారాలే, కుదిరింది. 'చున్‌చియు ఫాన్‌లు' పెద్ద కీళ్ళు 12 అంటుంది. ఒక్కో చేతికీ కాలికీ మూడేసి చొప్పున నాలుగు మూళ్ళు పన్నెండు, నెలలకు సరి. ఇదీ కుదిరింది.

366 దగ్గర ఆగండి. ఇది ఒళ్ళు తడిమి చూసి తేల్చిన లెక్క కాదు. పాత రాజుల మాటలు కూర్చిన 'షాంగ్‌షు' గ్రంథంలోని యావ్ శాసనం ఏడాదికి 366 రోజులంటుంది. వైద్యగ్రంథం 'లింగ్‌షు'లో ఏడాది 365 అయింది, ఒంట్లో జియెలూ 365 అయ్యాయి. పంచాంగం నుంచి ఒంట్లోకి అంకె ఎలా దిగిందో ఇక్కడ పట్టుబడుతుంది. 'జియె'ను ఎముకల కీలు అని అనువదించి, ఎముకలు లెక్కపెట్టి తప్పు పట్టడం మామూలుగా జరిగే పొరపాటు. జియె అంటే జీవశక్తి వచ్చిపోయే చోటు గానీ చర్మం, మాంసం, నరం, ఎముక కాదని లింగ్‌షు మొదటి అధ్యాయమే చెబుతుంది.

ఇప్పుడు అసలు పని: కుదిర్చిన జతను వెతకడం. లింగ్‌షు 71వ అధ్యాయంలో పది రోజుల చక్రానికి పది చేతివేళ్ళు దొరికాయి. పన్నెండు 'చెన్'లకు, అంటే కాలాన్ని లెక్కించే పన్నెండు గుర్తులకు, కాలివేళ్ళు పదే. రెండు తగ్గాయి. రచయిత పురుషాంగాన్నీ వృషణాలనూ కలిపి పన్నెండు చేశాడు. ఆడవాళ్ళకు ఆ రెండూ లేవు కాబట్టే కడుపులో బిడ్డను మోయగలరన్నాడు. కొత్తగా చదివేవారు ఇక్కడ నవ్వుకుని ముందుకు వెళ్ళిపోతారు. వెళ్ళకండి. ఆ అధ్యాయంలో అంతకంటే విలువైన వాక్యం లేదు. లెక్క తప్పితే అతను లెక్కను వదలలేదు, తప్పినచోటును కూడా దాచలేదు; ఆ లోటునే గర్భానికి కారణంగా వాడుకున్నాడు. ఒంట్లో జీవశక్తి నడిచే నాళాల సంగతీ చూడండి. క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌దుయి సమాధిలో దొరికిన పట్టు రాతల్లో అవి 11. లింగ్‌షులో 12, ఒక్కోదానికి ఒక్కో నది.

చివరి జాగ్రత్త అవయవాల గురించి. కాలేయం కర్ర, గుండె నిప్పు, ప్లీహం మట్టి, ఊపిరితిత్తులు లోహం, మూత్రపిండాలు నీరు అనే వైద్యుల పట్టికను ప్రతి పాత వాక్యానికీ అతికించకండి. క్రీ.పూ. 239 నాటి 'ల్యూషి చున్‌చియు' గ్రంథం చెప్పే నైవేద్యాల్లో వసంతానికి ప్లీహం, వేసవికి ఊపిరితిత్తులు, ఏడాది నడిమికి గుండె, శరత్తుకు కాలేయం ముందు పెడతారు. మారనివి శీతకాలపు మూత్రపిండాలే. హువైనాన్‌జిలో పిత్తాశయం మబ్బు, ఊపిరితిత్తులు ఆవిరి, కాలేయం గాలి, మూత్రపిండాలు వాన, ప్లీహం ఉరుము. గుండెకు వాతావరణం ఏదీ ఇవ్వలేదు, అది వీటన్నిటికీ యజమాని.

అభ్యాసం: క్రీ.శ. 1వ శతాబ్దంలో వాంగ్ చొంగ్ అనే పండితుడు ఒక ప్రశ్న వేశాడు. నీరు నిప్పును ఓడిస్తుందంటారు. పన్నెండు చెన్‌లకు కట్టిన జంతువుల్లో ఎలుకది నీరు, గుర్రానిది నిప్పు. మరి ఎలుక గుర్రాన్ని తరమదేం? అతను దెబ్బ కొడుతున్నది అంకె జత మీదా, పోలిక జత మీదా? నాలుగు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 4వ పాఠం ఓడించే వరసతో, ఈ ఎలుకతోనే మొదలవుతుంది.