పెద్దపేగు క్యాన్సర్, పేగులోని బ్యాక్టీరియా: తిండి ఎలా మార్చాలి, పరీక్ష ఎప్పుడు చేయించాలి

పేగు బ్యాక్టీరియాను బాగుచేస్తామంటూ అమ్మే ప్రోబయాటిక్ సీసాలకు, పేగులో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో తెలుసుకోడానికి మలం నమూనా పంపే మైక్రోబయోమ్ కిట్లకు బెంగళూరులో కొదవ లేదు. క్యాన్సర్ భయంతో మాత్రం వాటిని కొనక్కర్లేదు. ఆ కిట్ క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. ప్రోబయాటిక్ వల్ల పెద్దపేగు క్యాన్సర్ రాకుండా ఆగుతుందన్న రుజువూ లేదు. ఆ డబ్బుతో రాగిపిండి, శనగలు కొనుక్కుని, మిగిలింది మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షకు పెట్టుకోండి.

ఈ క్యాన్సర్‌తో సంబంధం ఉందన్న అనుమానం ముఖ్యంగా మూడు బ్యాక్టీరియాల మీద ఉంది. చిగుళ్ల దగ్గర బతికే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం పెద్దపేగు కణుతుల్లో ఎక్కువగా కనిపిస్తుందని 2011-12లో తేలింది. ఈ.కోలైలో కొన్ని రకాలు కొలిబాక్టిన్ అనే విషంతో పేగు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. 2025లో 11 దేశాలకు చెందిన 981 కణుతులను చూస్తే, ఆ దెబ్బ గుర్తులు 70 ఏళ్లు దాటినవారిలో కన్నా 40 ఏళ్లలోపు జబ్బుపడ్డవారిలో 3.3 రెట్లు ఎక్కువగా కనిపించాయి. మూడోది విషం వదిలే బ్యాక్టిరాయిడిస్ ఫ్రాజిలిస్. ఇవి ఆరోగ్యంగా ఉన్నవారి పేగుల్లోనూ ఉంటాయి కాబట్టి, ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు.

మన చేతిలో ఉన్నది పీచు. బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. పీచు దొరక్కపోతే బ్యాక్టీరియా పేగును కాపాడే జిగురుపొరనే తినేస్తాయని ఎలుకల్లో చూశారు. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆఫ్రికన్ అమెరికన్లకు రోజుకు 14 గ్రాములున్న పీచును 55కు పెంచి, కొవ్వు తగ్గించారు. రెండు వారాల్లోనే వాళ్ల పేగులో బ్యూటిరేట్ పెరిగింది, వాపు గుర్తులు తగ్గాయి. క్యాన్సరే తగ్గిందని దాని అర్థం కాదు, రెండు వారాల్లో అది తేలదు కూడా.

రోజుకు 30 గ్రాముల పీచు లక్ష్యంగా పెట్టుకోండి. 100 గ్రాముల తెల్లబియ్యంలో ఉండేది 3 గ్రాముల లోపే, అందుకే రెండు పూటలా అన్నం, సాంబారుతో నడిచే పీజీ హాస్టల్ భోజనం ఎక్కడా చాలదు. 75 గ్రాముల పిండితో చేసిన రాగి ముద్ద 8 గ్రాములిస్తుంది. 30 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేస్తే ఇంకో 7, 100 గ్రాముల జామకాయ 8, పొట్టు తీయని 50 గ్రాముల పెసలతో పెసరట్లు వేస్తే మరో 8. రాగిజావ తాగుతున్నాం కదా అనేవాళ్లు లెక్క చూసుకోవాలి: రెండు చెంచాల పిండి 20 గ్రాములనుకుంటే పీచు 2 గ్రాములే. చలికాలంలో ఇక్కడి మార్కెట్లన్నీ అవరేకాయతో (మన అనపకాయ) నిండిపోతాయి. పితికిన పప్పు రుచికి సాటి లేదు గానీ, పొట్టుతోపాటు పీచు చాలావరకు పోతుంది. వారంలో ఒకటి రెండుసార్లయినా పొట్టుతోనే వండండి.

ఒకేసారి 30కి ఎగబాకితే కడుపుబ్బరం, గ్యాస్ ఖాయం. చాలామంది మానేసేది ఇక్కడే. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, పప్పుధాన్యాలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. నీళ్లు తక్కువైతే ఇదే పీచు మలబద్ధకం తెస్తుంది. కిడ్నీ జబ్బున్నవారు, పేగు సన్నబడ్డవారు డాక్టర్‌ను అడగకుండా పెంచకూడదు.

సాసేజ్, సలామీ, బేకన్ లాంటివి రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుంది. మిలిటరీ హోటల్ మటన్ మానక్కర్లేదు, వండిన మాంసం వారానికి 350-500 గ్రాములు దాటకపోతే చాలు. సిగరెట్, మద్యం గురించి వేరే చెప్పాలా? విరేచనాలు అవగానే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగడం మానండి.

ఎంత తిన్నా పరీక్ష తప్పదు. మన దేశపు ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి మీరే అడగాలి. అమెరికా మార్గదర్శకాలు 45 ఏళ్ల నుంచి ఏటా ఫిట్ చేయించమంటాయి. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఈ క్యాన్సర్ ఉంటే 40 ఏళ్లకు, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీకే వెళ్లాలి. మలంలో రక్తం, మూడు వారాలు దాటినా సర్దుకోని మలవిసర్జన మార్పు, మగవారిలో కారణం తెలియని రక్తహీనత ఉంటే ఏ వయసైనా ఆగొద్దు. మొలలే అనుకుని నెలలు గడపడం మామూలుగా జరిగే పొరపాటు.

ల్యాబ్‌లో ‘ఫిట్’ అనే అడగండి. ‘అకల్ట్ బ్లడ్’ అంటే పాత రకం చేసేస్తారు, దానికి మాంసం, విటమిన్ సి ముందే మానాలి. మలం కమోడ్ నీళ్లకు తగలకుండా పొడి డబ్బాలో పట్టి, సీసాతో ఇచ్చిన పుల్లను నాలుగైదు చోట్ల గుచ్చి, పుల్ల గాడి నిండేంత మాత్రమే సీసాలో వేయండి. ఎండలో ఉంటే రక్తపు ప్రోటీన్ చెడి, ఉన్న రక్తం లేనట్టు చూపిస్తుంది, కాబట్టి ఆ రోజే ఇచ్చేయండి. నెలసరిలో చేయకండి.

పాజిటివ్ వస్తే మళ్లీ ఫిట్ చేయించి సరిచూసుకోవద్దు, నేరుగా కొలనోస్కోపీకి వెళ్లండి. దానికి రెండు మూడు రోజుల ముందు పైన చెప్పిన రాగి, శనగలు, జామ అన్నీ ఆపాలి, గింజలు, పొట్టు కెమెరాకు అడ్డొస్తాయి. అప్పుడు తెల్లన్నం, పెరుగే సరి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలేమో అడగండి. పేగు కడిగే మందును రాత్రే అంతా తాగేయకుండా సగం పరీక్షకు 4-6 గంటల ముందు తాగితే పేగు శుభ్రంగా కనబడి, చిన్న పాలిప్‌లు (పేగు గోడ మీది బుడిపెలు) కూడా దొరుకుతాయి.