సైకిల్ పాఠాలు – 3: ముందు ఆగడం, తర్వాతే వేగం

పోయిన పాఠంలో సీటు ఎత్తు, చూపు ఎక్కడ ఉండాలన్నది చూశాం. ఈసారి బ్రేకులు. వేగం నేర్పుతారనుకుంటే బ్రేకులేంటి అని నీరసపడకండి. ఎవరైనా ఎంత వేగంగా తొక్కొచ్చు అన్నదానికి నేను చూసే కొలత ఒక్కటే, ఎంత దూరంలో ఆగగలరు అని.

ముందు ఈ లెక్క చూడండి. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. కుక్క అడ్డొచ్చిందని మనం గ్రహించి వేళ్లు బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోయిందనుకుందాం, అంటే ఇంకా బ్రేకు పడకుండానే 7 మీటర్లు వెళ్లిపోయాం. అక్కడి నుంచి పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా పడితే ఇంకో 5 మీటర్లు. మొత్తం 12, దాదాపు ఒక సిటీ బస్సు పొడవు. అదే 15 మీద వెళ్తుంటే 6 మీటర్లలో ఆగిపోతాం. పెరిగిన వేగం రెట్టింపు కూడా కాదు, దూరం మాత్రం రెట్టింపైంది. బ్రేకు పడ్డాక సాగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇలా అవుతుంది. మన విశాఖ బీచ్ రోడ్డులో ఆటో పక్క నుంచి ఐస్‌క్రీమ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చే పిల్లాడు మనకు బస్సు పొడవు దూరం ఇస్తాడా?

ఇక ముందు బ్రేకు సంగతి. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు, దాంతో చాలామంది జీవితమంతా వెనక బ్రేకు మీదే తొక్కుతున్నారు. బ్రేకు వేయగానే మన బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది. అందుకే పొడి రోడ్డు మీద బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. పల్టీ ఎప్పుడు కొడతామంటే, చేతులు వదులుగా, ఒళ్లు ముందుకు వాలి ఉన్నప్పుడు కంగారులో ఒక్కసారిగా లాగేస్తే. పెడళ్లు రెండూ నేలకు సమానంగా పెట్టి, నడుము సీటు వెనక్కి జరిపి, మోచేతులు కాస్త వంచి గట్టిగా నిలిపి, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించండి. వెనక చక్రం జారుతున్నట్టు అనిపిస్తే ముందుది కొంచెం వదలండి. ఏ చేతిది ఏ బ్రేకో బండి బండికీ మారొచ్చు, ఎక్కేముందు ఒక్కొక్కటీ నొక్కి చూసుకోండి.

సాధన ఇలా చేయండి. ట్రాఫిక్ లేని కాలనీ వీధిలో ఆదివారం పొద్దున్నే ముగ్గుపిండితో అడ్డంగా ఒక గీత గీయండి. మామూలు వేగంతో వచ్చి, ముందు చక్రం గీత తాకగానే బ్రేకు వేయండి. ఆగినచోట ఇంకో గీత. పదిసార్లు వెనక బ్రేకుతో, పదిసార్లు రెండూ కలిపి. వెనక బ్రేకుతో ఆగిన గీతకీ, రెండూ కలిపి ఆగిన గీతకీ మధ్య తేడా అడుగులేసి కొలిస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కదా అని అక్కడ మాత్రం చేయొద్దు, నడిచే పెద్దవాళ్లు ఉంటారు, వెనక నుంచి కీచుమంటే గుండె జారిపోతుంది వాళ్లకి.

ఇసుక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను పడింది దానివల్లే. జోడుగుళ్లపాలెం దాటాక గాలికి రోడ్డు అంచున పల్చగా ఇసుక చేరి ఉంది, తారు రంగులో కలిసిపోయి కనిపించలేదు. పక్కన కారు వస్తోందని అంచుకి తప్పుకుంటూ, హ్యాండిల్ కాస్త తిరిగి ఉండగానే ముందు బ్రేకు పట్టాను. చక్రం పక్కకి జారింది, మోచేయి చర్మం లేచిపోయింది, నెల రోజులు చెయ్యి మడవడం కష్టమైంది. ఇసుక మీద, వాన పడ్డ కొత్తలో జిడ్డు తేలిన రోడ్డు మీద, మ్యాన్‌హోల్ మూతల మీద తిప్పొద్దు, ముందు బ్రేకు పట్టొద్దు. వాటికి ముందే వేగం తగ్గించుకుని, చక్రం నిటారుగా ఉంచి, చేతులు బిగించకుండా దొర్లనివ్వండి.

ఈ-బైక్ వాళ్లు ఇది చదవండి. మన దేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం ఉన్న బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. దాంతో అది ఉత్త సైకిలే అనుకుంటాం. బ్యాటరీ, మోటారు కలిసి అది మామూలు సైకిల్ కంటే బాగా బరువు, ఆపడానికి అంత ఎక్కువ పట్టు కావాలి. చాలా బళ్లలో పెడల్ ఆపినా మోటారు ఒక క్షణం తోస్తూనే ఉంటుంది, బ్రేకు లివర్ కొంచెం తాకితే కట్ అవుతుంది. కాబట్టి జంక్షన్ దగ్గరికి వచ్చేటప్పుడు రెండు వేళ్లు లివర్ మీదే ఉంచండి. దిగి నడిపించేటప్పుడు పవర్ ఆపేయండి, లేకపోతే థ్రాటిల్‌కి చెయ్యి తగిలి బండి దూకేస్తుంది. ఇంకోటి, రోడ్డు దాటేవాళ్లు మీ బండి చూసి, సైకిలే కదా, మెల్లగా వస్తుందిలే అని అడుగేసేస్తారు. వాళ్ల అంచనా తప్పుతుందని ముందే అనుకుని తొక్కండి.

సింహాచలం, కైలాసగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పట్టుకునే ఉండకండి, వేడెక్కి పట్టు తగ్గుతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించండి, వదలండి, మళ్లీ పట్టండి.

చివరగా ఒక చిన్న పని. మన ఊరి ఉప్పుగాలికి బ్రేకు కేబుల్ లోపల్నుంచి తుప్పు పడుతుంది. లివర్ పూర్తిగా నొక్కి పట్టి, కేబుల్ దాంట్లోకి దూరే చోట టార్చి వేసి చూడండి. ఒక్క తీగ పోగు తెగి జుట్టులా పైకి లేచి ఉన్నా కేబుల్ మార్చేయండి. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులైతే రబ్బర్లు వేలితో తడమండి, గరుగ్గా ఇసుక రేణువులు తగిలితే పిన్నుతో తీసేయండి.

పదిసార్ల కొలతలు కాగితం మీద రాసి దాచుకోండి. వచ్చే పాఠంలో మలుపులు, హనుమంతవాక లాంటి జంక్షన్లలో ఏ లైన్‌లో నిలబడాలన్నది చూద్దాం, అక్కడ ఈ కొలతలు మళ్లీ కావాలి.