వెయిట్ ట్రైనింగ్ రొటీన్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

బీపీ, గుండె జబ్బు, హెర్నియా, పాత నడుం నొప్పి, ఈమధ్య జరిగిన ఆపరేషన్: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌ని అడగండి. దీన్ని వాయిదా వేయకండి.

వారానికి ఆరు రోజులు, రోజుకో కండరం అనే రొటీన్లు కొత్తవాళ్లకి అక్కర్లేదు. వారానికి 2 లేదా 3 రోజులు, మధ్యలో ఒకరోజు విరామంతో, ఒళ్లంతటికీ పని చెప్పేది చాలు. అందులో స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం), తుంటి దగ్గర వంగి లేపేది, తోసేది, లాగేది ఉన్నాయో లేదో చూడండి. లాగేది చాలామంది వదిలేస్తారు.

బరువు దగ్గరే అసలు జాగ్రత్త. బరువులు తగిలించే పెద్ద బార్ ఖాళీగానే సాధారణంగా 20 కిలోలు ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోండి. అది బరువనిపిస్తే డంబెల్స్‌తో మొదలుపెట్టండి, నామోషీ ఏమీ లేదు. 8 నుంచి 12 సార్లు ఎత్తగలగాలి. చివరి రెండూ కష్టంగా ఉండాలి, కానీ వీపు గుండ్రంగా వంగకూడదు. వంగిందంటే బరువు తగ్గించాల్సిందే.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి తోయడం) ఒంటరిగా వద్దు, పక్కన ఒకరుండాలి.

మర్నాడు కండరాలు పట్టేసినట్టుంటే కంగారు పడకండి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలులో పోటు వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపేయండి.