ఊడొచ్చిన చెయ్యి: మినియేచర్ కన్వర్షన్లలో అతుకు ఎందుకు నిలవదు?

ఒక చిన్న బొమ్మ (మినియేచర్) చెయ్యో తలో తెచ్చి ఇంకోదానికి అతికించి కొత్త రూపం ఇవ్వడమే కన్వర్షన్. అందులో అతుకు ఊడగానే ఇంకో చుక్క ఫెవిక్విక్ వేసి నొక్కేయడం అందరికీ అలవాటే. ఆ రెండో అతుకు మొదటిదానికన్నా ముందే ఊడుతుంది. ఎందుకంటే ఈసారి జిగురు పట్టుకున్నది బొమ్మను కాదు, పాత జిగురు పెచ్చును. ముందు రెండు ముక్కల్నీ వెలుతురులో పెట్టి, పాత జిగురు ఎటువైపు మిగిలిందో చూడండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

జిగురంతా ఒకవైపే ఉంది, రెండో వైపు నున్నగా ఉంది

ఆ నున్నటి వైపును జిగురు అసలు పట్టుకోనేలేదు. రెజిన్ బొమ్మయితే అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన రిలీజ్ ఏజెంట్ ఇంకా దాని మీదే ఉంటుంది. వైట్ మెటల్ అయితే వేలి జిడ్డు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల విమ్ లిక్విడ్ వేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. పూర్తిగా ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి, బ్లేడు మొనతో అడ్డదిడ్డంగా నాలుగు గీతలు పెట్టండి. చేతులు తీసి మార్చుకునేలా అతుకులో పెట్టే చిన్న నియోడిమియం మాగ్నెట్లకూ ఇదే మందు, వాటి నికెల్ పూత అద్దంలా జారుతుంది. మాగ్నెట్ అతికించే ముందు ఏ ముఖం బయటికి రావాలో మార్కర్‌తో చుక్క పెట్టుకోండి. ధ్రువం తిరగబడితే జిగురు ఎంత గట్టిదైనా చెయ్యి భుజాన్ని తోసేస్తుంది.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు: జిగురే తప్పు. తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి ప్లాస్టిక్ సిమెంట్ పాలిస్టైరీన్‌ను (బొమ్మల గట్టి ప్లాస్టిక్‌ను) కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెజిన్, మెటల్, మెత్తటి పీవీసీ బొమ్మల మీద కరిగించడానికి దానికేమీ దొరకదు, ఊరికే ఆవిరైపోతుంది. అనుమానంగా ఉంటే కనపడని మూల ఒక చుక్క తాకించండి. పది సెకన్లలో పైపొర మెత్తబడి వేలికి అంటుకుంటే సిమెంట్ పనిచేస్తుంది. లేకపోతే సూపర్ గ్లూ (ఫెవిక్విక్ లాంటిది) లేదా రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడాల్సిందే.

ముక్క రంగుతో సహా లేచొచ్చింది

జిగురు పట్టింది, రంగు పట్టు వదిలింది. అతుకుపడే రెండు ముఖాల మీదా రంగునూ, దాని కింద వేసే అడుగు పూత ప్రైమర్‌నూ గీకేసి అసలు పదార్థం తేలాకే అతికించండి. ఇక ముందు ప్రైమర్ కొట్టేటప్పుడు ఆ చోట చిన్న టేపు ముక్క వేస్తే ఈ గీకుడు తప్పుతుంది.

జిగురు రెండువైపులా ఉంది, మధ్యలో పగిలింది

కన్వర్షన్లలో ఎక్కువగా కనపడేది ఇదే. జిగురు బాగానే ఉంది, దాని మీద మోపిన పని ఎక్కువైంది. సూపర్ గ్లూ పల్చటి పొరగా ఉన్నప్పుడే గట్టిది. నిట్టనిలువు లాగుడును తట్టుకుంటుంది, పక్కనుంచి తగిలే చిన్న దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. వేరే సెట్‌లోని చెయ్యి తెచ్చి ఈ భుజానికి పెట్టినప్పుడు ముఖాలు సరిగ్గా కలవవు. ఆ సందును జిగురుతో నింపితే పెంకులాంటి పొర మిగులుతుంది. పైగా ఆ చేతిలో పొడుగాటి ఈటె ఉందంటే ప్రతి తాకిడికీ అది మీటలా పనిచేస్తుంది.

దీనికి మందు పిన్నింగ్, అంటే అతుకు లోపల సన్నటి తీగ దూర్చడం. పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్), 1 మి.మీ. బిట్, ఒక జెమ్ క్లిప్పు చాలు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో పీసీబీలకు (సర్క్యూట్ బోర్డులకు) అమ్మే కార్బైడ్ బిట్లు చవగ్గా దొరుకుతాయి గానీ, చేత్తో తిప్పేటప్పుడు కాస్త పక్కకు వాలినా టక్కున విరుగుతాయి. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్లే తీసుకోండి.

ముందు సూదిమొనతో చిన్న గుంట చేయండి, లేకపోతే బిట్ జారుతుంది. 4 నుంచి 5 మి.మీ. లోతు దించండి. మెటల్‌లో అయితే మూడు నాలుగు చుట్లకోసారి వెనక్కి తిప్పి పొట్టు బయటికి తీయండి. తీయకపోతే బిట్ లోపలే బిగుసుకుని విరుగుతుంది, దాన్ని బయటికి లాగడం కన్నా పక్కన కొత్త రంధ్రం వేసుకోవడం సుఖం. క్లిప్పు తీగను రంధ్రంలో పెట్టి సూపర్ గ్లూతో బిగించి, 3 మి.మీ. బయటికి ఉండేలా కత్తిరించండి. తీగ కొనకు తడి రంగు కొంచెం అద్ది ఎదుటి ముక్కకు ఆనించండి. చుక్క పడిన చోటే రెండో రంధ్రం వేయాలి.

అంతా చేసినా కాస్త తేడా వస్తుంది. కంగారు పడొద్దు. రెండో రంధ్రాన్ని 1.5 మి.మీ.కు పెంచి, అందులో ఐదు నిమిషాల ఎపాక్సీ నింపి, చెయ్యిని కావలసిన కోణంలో పట్టుకోండి. 2 మి.మీ. లోపు మణికట్లకు క్లిప్పు లావు, 0.5 మి.మీ. ఇత్తడి తీగ వాడండి. పెద్ద రాక్షసుల రెక్కలకు సైకిల్ చువ్వ ముక్క బాగా పనికొస్తుంది, అది సుమారు 2 మి.మీ. ఉంటుంది.

సందు మిగిలితే గ్రీన్ స్టఫ్, అంటే రెండు రంగులు పిసికి కలిపే ఎపాక్సీ పుట్టీ. పసుపు, నీలం సమానంగా తీసుకోండి. పట్టీలో రెండు రంగులు కలిసే నడిమి గీతను ముందే కోసి పారేయండి, అక్కడ అది అప్పటికే గట్టిపడి పలుకులుగా తేలుతుంది. పల్చటి బిళ్ల చేసి పిన్ను చుట్టూ పెట్టి, దానికి అటూ ఇటూ ఒక్కో చిన్న చుక్క సూపర్ గ్లూ వేసి నొక్కండి. జిగురు ఇప్పుడే పట్టుకుంటుంది, పుట్టీ తెల్లారేసరికి సందు ఆకారంలో గట్టిపడుతుంది. ఎమ్‌సీల్ చవకే గానీ పలుకు ముతక. బేస్ కింద, కంటికి కనపడని చోట మాత్రమే.

అతుకు చుట్టూ తెల్లటి బూజు

సూపర్ గ్లూ గట్టిపడేదే తేమతో, చెన్నైలో దానికి కొదవ లేదు. ఎక్కువైన జిగురు ఆవిరై, తేమ తగిలి, తెల్లటి పొడిలా చుట్టుపక్కల దిగుతుంది. ఐప్పసి (అక్టోబరు-నవంబరు నాటి తమిళ నెల) వానల్లో అతికించి వెంటనే డబ్బాలో పెట్టి మూస్తే మరీ ఘోరం. జిగురు ట్యూబు నుంచి నేరుగా పిండకుండా టూత్‌పిక్ మొనతో తాకించండి, గాలి ఆడేచోట గంటసేపు వదిలేయండి. రంగు వేయని బొమ్మయితే బెంగ లేదు, ప్రైమర్ కప్పేస్తుంది. పారదర్శకమైన భాగాలకు సూపర్ గ్లూ ఊసే వద్దు, తెల్ల ఫెవికాల్ వాడండి.

ఆ తేమే విప్పిన ట్యూబునూ పాడుచేస్తుంది. మూతబిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక చల్లదనం పోయేదాకా మూత విప్పకండి, చల్లటి మూతి మీద నీరు పడితే లోపలే గడ్డ కడుతుంది.

ఎపాక్సీ రేపటికీ జిగటగానే ఉంది

పాళ్లు తప్పాయి, లేదా కలపడం చాల్లేదు. వేచి ఉండి లాభం లేదు, గీకేసి మళ్లీ కలపండి. సమపాళ్లు, పూర్తి నిమిషం.

వేసవిలో కారులో పెడితే వంగిపోయింది

అది జిగురు తప్పు కాదు. పీఎల్‌ఏ (3డీ ప్రింటర్ ప్లాస్టిక్) ప్రింటు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంత వేడెక్కుతుంది. బొమ్మల పెట్టె మీతోపాటే లోపలికి తీసుకెళ్లండి.

తప్పు కోణంలో అతుక్కుంది, ఊడదీయాలి

సూపర్ గ్లూ అయితే రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, చలి వదలకముందే మెలితిప్పండి. చలికి జిగురు పెళుసెక్కి టక్కున వదులుతుంది. మెటల్ బొమ్మను ఆసిటోన్‌లో నానబెట్టొచ్చు. ప్లాస్టిక్ బొమ్మ దగ్గరికి మాత్రం ఆసిటోన్ రానివ్వకండి, జిగురుతో పాటు మొహమూ కరుగుతుంది. కారిన జిగురును నూలు గుడ్డతోనో దూదితోనో తుడవొద్దు: నూలు తగిలితే సూపర్ గ్లూ భగ్గున వేడెక్కి పొగలొస్తుంది, చర్మం కాలుతుంది. లుంగీ కట్టుకుని ఒళ్లో పెట్టుకుని అతికించేవాళ్లు తొడ మీద ఒక ప్లాస్టిక్ పళ్లెం పెట్టుకోండి.